గంటాలు గీసిన ఊట

అనగనగా ఒక దీవి. దీవి అంతా అడవే. చుట్టూ సముద్రం. ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క పనికిరాదు. వానాకాలం పర్వాలేదు. వాగులు పారేవి, గుంటలు నిండేవి. ఎండాకాలం వచ్చిందంటే వాగులన్నీ ఇసుకైపోయేవి. అప్పుడు అడవి మొత్తానికీ ఒక్కటే దిక్కు. వెదురుపొదల వెనక రెండు బండల సందులో చిన్న ఊట ఉండేది. చూస్తే దోసెడు నీళ్ళే. కానీ అది ఏనాడూ ఎండలేదు.

ఆ అడవిలో ఒక ముళ్లపంది ఉండేది. దాని పేరు గంటాలు. పూర్వం తాటాకు మీద రాసే ఇనుపపుల్లను గంటం అనేవారు. దీనికి ఒంటి ముల్లే గంటం. రాలిన ముల్లును ఏరుకుని, రంగులో ముంచి, కొండచరియ మీద అడవి బొమ్మ గీసేది. ఎరుపుకు జాజు, తెలుపుకు సున్నపురాయి, నలుపుకు బొగ్గు. దానికి తెలిసిన రంగులు ఆ మూడే.

ఆ బొమ్మ అందానికి కాదు, పిల్లల కోసం. ఏ దారిలో ముళ్ళున్నాయి, ఏ మడుగులో ఊబి ఉంది, నేరేళ్ళు ఎక్కడ రాలతాయి, అన్నీ చూసి నేర్చుకోవడానికి. ప్రతి ఏడూ వానలకు చెరిగిపోయేది. ప్రతి ఏడూ గంటాలు మళ్ళీ గీసేది. దానికి ముందు వాళ్ళమ్మ గీసింది, ఆవిడకు ముందు వాళ్ళమ్మమ్మ.

కానీ ఆ బొమ్మలో ఒక్కచోట ఏమీ గీయకూడదు. ఊట ఉన్న చోటు. అక్కడ రాయిని రాయిలాగే వదిలేయాలి. ఆ ఖాళీని 'గుక్కెడు' అనేవాళ్ళు. చెట్టు గీశావా, పుట్ట గీశావా అని అడిగినట్టే, గుక్కెడు వదిలావా అని అడిగేవాళ్ళు.

ఎందుకని చిన్నప్పుడు గంటాలు కూడా అడిగింది. తల్లి చచ్చిపోతే దాన్ని పెంచింది అలుగవ్వ. అలుగు అంటే ఒంటి నిండా పెంకులుంటాయే, ముట్టుకుంటే బంతిలా చుట్టుకుపోతుందే, అది. అలుగవ్వ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "రాతి మీది బొమ్మను ఎవరైనా చూస్తారే. ఊట దగ్గరికి మాత్రం ఎవరో ఒకరు వెంటబెట్టుకుని తీసుకెళ్ళాలి," అంది. అడవిలో ఏ పిల్ల పుట్టినా, నడక రాగానే దాన్ని ఊటకు తీసుకెళ్ళేది అవ్వే. జింకపిల్లయినా, కోతిపిల్లయినా, అడవిపంది పిల్లయినా. వచ్చిన చుట్టానికి దొప్పలో నీళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు. చోటు మాత్రం చూపించేవాళ్ళు కాదు.

ఇంత బాగా గీసే గంటాలుకు లోపల ఒక బాధ ఉండేది. ఏళ్ళ తరబడి గీస్తోంది. ఒక్కరు కూడా ఎంత బాగుందే అనలేదు. వచ్చేవి, దారి చూసుకునేవి, పోయేవి. కాలిబాటను ఎవరైనా మెచ్చుకుంటారా? అలాగే దాన్నీ మెచ్చుకోలేదు. ఒంటి నిండా ముళ్ళున్నదానికి లోపల కూడా ఒక ముల్లు మొలిచింది. అది మాత్రం రాలేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక ఓడ వచ్చింది.

మిరియాలు దొరికే దేశానికి దారి వెతుక్కుంటూ బయలుదేరి, గాలికి కొట్టుకొచ్చి ఆ దీవి దగ్గర ఆగింది. దాంట్లోంచి ఒక పిల్లి దిగింది. ఓడపిల్లి. తోక నిటారుగా పెట్టి, ఇసుక అంటకుండా కాలు తీసి కాలు వేస్తూ నడిచింది. ఏడు సముద్రాలు చూశానంది. తమ ఓడలో పిల్లీ వేటకుక్కా ఒకే గిన్నెలో తింటాయని చెప్పింది. అడవిలో ఎవరూ నమ్మలేదు. తర్వాత నమ్మాయనుకోండి. నమ్మాల్సి వచ్చింది.

ఓడపిల్లి అడవంతా తిరిగి కొండచరియ దగ్గరికొచ్చి ఆగిపోయింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత దీన్ని గీసింది ఎవరని అడిగింది. గంటాలు సిగ్గుపడుతూ ముందుకొచ్చింది.

"మీరా అండీ? గంటాలుగారూ, ఇలాంటి చెయ్యి నేను ఎక్కడా చూడలేదు," అంది ఓడపిల్లి.

గారు అట. మీరు అట. అప్పటిదాకా దాన్ని ఏమే, ఒసే అనడమే గానీ గారు అన్నవాళ్ళు లేరు. పక్కనే దుంపలు తవ్వుకుంటున్న అడవిపంది ఆ మాట విని మూతి పైకెత్తింది. దానికి పెద్ద కోరలు, కాబట్టి అందరూ దాన్ని కోరయ్యమామ అనేవాళ్ళు. "గారు అంటే ఏంటే గంటాలూ, తినేదా?" అంది. చుట్టూ ఉన్న కోతులు ఇకిలించాయి. గంటాలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మొద్దులకు నా విలువేం తెలుసు అనుకుంది. ఆ రోజు నుంచి అది అడవిలో కంటే ఇసుకలోనే ఎక్కువసేపు ఉండసాగింది.

ఓడపిల్లి దానికి ఎన్నో చెప్పింది. తమ దేశంలో బొమ్మలు గీసేవాళ్ళు గుమ్మటాల కింద మంచె కట్టుకుని, వెల్లకిలా పడుకుని, ఏళ్ళకేళ్ళు గీస్తారట. రాజులు వాళ్ళ ఇంటికి నడిచి వస్తారట. దూరంగా ఉన్నదాన్ని చిన్నదిగా, దగ్గరున్నదాన్ని పెద్దదిగా గీయడం కూడా నేర్పింది. గంటాలుకు అది కొత్త. అడవిలో ఎప్పుడూ ముఖ్యమైనదాన్ని పెద్దదిగా గీసేవాళ్ళు. పిల్లను కాస్తున్న తల్లిజింక కొండకంటే పెద్దగా ఉండేది. ఇప్పుడు తల్లిజింక చీమంత అయింది. ఎందుకంటే అది చూసేవాడికి దూరంగా ఉంది. చూసేవాడు ఎక్కడున్నాడు? ఓడ దగ్గర.

ఒకరోజు ఓడపిల్లి చిరిగిన తెరచాప ముక్క ఒకటి తెచ్చి పరిచింది. "ఇక్కడ నిలబడి చూస్తే అడవి ఎలా ఉంటుందో దీని మీద గీసి పెట్టండి. మా వాళ్ళకు చూపించుకుంటాను," అంది.

రాతి మీది బొమ్మ ఎక్కడికీ పోదు. గుడ్డ మీది బొమ్మకు కాళ్ళుంటాయి. ఇది గంటాలుకు తట్టలేదు. ఎలా తడుతుంది? దాని అమ్మ, అమ్మమ్మ గుడ్డ మీద గీసి ఉంటే కదా.

గీస్తుంటే ఓడపిల్లి మామూలుగా అడిగినట్టు అడిగింది, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయని. అది మేం గీయం, అక్కడ గుక్కెడు వదలాలి అంది గంటాలు. ఓడపిల్లి పట్టుబట్టలేదు. మీ ఆచారం మీది అంది. అంత మర్యాద.

బొమ్మ దాదాపు అయిపోయింది. ఇసుక, మొగలిపొదలు, ముళ్ళదారి, ఊబిమడుగు, వాగు, వెదురు, వెనక కొండ. ఓడపిల్లి తల అటు వాల్చి, ఇటు వాల్చి చూసింది. ఒక నిట్టూర్పు విడిచింది. ఏమైందని గంటాలు కంగారుగా అడిగింది. ఏం లేదండి అంది. కాదు చెప్పాల్సిందే అంటే, అప్పుడు చెప్పింది. "మా వాళ్ళు ఈ ఖాళీ చూసి నవ్వుతారండి. పాపం, ఇక్కడికొచ్చేసరికి చెయ్యి తిరగలేదు అనుకుంటారు. నాకు తెలుసు మీకు చేతకాక కాదని. వాళ్ళకేం తెలుసు?"

గంటాలు ఆ పూట తిండి తినలేదు.

మూడోసారి ఓడపిల్లి ఏమీ అడగలేదు. ఒక చిప్ప తెచ్చి దాని ముందు పెట్టింది. చిప్ప నిండా నీలం. గంటాలు నీలాన్ని రోజూ చూస్తుంది, ఆకాశంలో, సముద్రంలో, పాలపిట్ట రెక్కల్లో. ముల్లుకు అంటుకునే నీలాన్ని మాత్రం చూడటం అదే మొదటిసారి. ఓడపిల్లి చెప్పింది, రేపు గాలి మళ్ళితే బయలుదేరతామని, రంగు ఎక్కడ వాడుకుంటారో మీ ఇష్టమని. చెప్పి ఇసుకలో ఎండకు పడుకుంది.

గంటాలు ఆకాశం గీసింది. సముద్రం గీసింది. బొమ్మ వెలిగిపోయింది. చిప్ప అడుగున ఇంకా కాస్త నీలం మిగిలింది.

అది అటు చూసింది, ఇటు చూసింది. అడవిలో ఎవరూ లేరు. ఈ పిల్లి ఒక్కటే. సముద్రం అవతల ఎక్కడో దేశం. వాళ్ళు చూస్తే ఏం, చూడకపోతే ఏం? గుడ్డ ఎలాగూ వెళ్ళిపోతుంది. అవ్వకు తెలియదు. తప్పు చేసేముందు మనసు ఎన్ని మంచి మాటలు చెబుతుందో చూశారా. చేశాక ఒక్కటీ చెప్పదు.

గంటాలు ముల్లు ముంచింది. వెదురుపొదల వెనక, రెండు బండల సందులో, నీలం పెట్టింది.

ఓడపిల్లి లేచి వచ్చి చూసింది. దాని కళ్ళు చెమ్మగిల్లాయి. అది నటన కాదు, పిల్లలూ. నిజంగానే చెమ్మగిల్లాయి. బొమ్మ అంత బాగుంది.

సాయంత్రం గంటాలు ఇంటికి వెళ్తే అలుగవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. "ముల్లు మీద నీలం ఏంటే?" అంది.

"ఆకాశం గీశానవ్వా," అంది గంటాలు.

అవ్వ దాన్ని కాసేపు చూసింది. ఇంకేమీ అడగలేదు. పెంచిన పిల్ల కదా, నమ్మింది.

ఏడాది గడిచింది. మళ్ళీ ఎండాకాలం. వాగులు ఇసుకైపోయాయి. అప్పుడు మూడు ఓడలు వచ్చాయి. వాటిలోంచి వేటకుక్కలు దిగాయి. ఎంత కుక్కలనుకున్నారు, దూడంత ఒక్కొక్కటి. మెడకు ఇనుపముళ్ళ పట్టీలు. జింకలు పొదల్లోంచి చూస్తూ నిలబడ్డాయి. ఎవరైనా కొత్తవాళ్ళు అడవిలోకి వస్తే దారి తప్పుతారు, ముళ్ళలో పడతారు, ఊబిలో దిగుతారు. ఈ కుక్కలు దారి తప్పలేదు. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. ముళ్ళదారి వదిలి మంచి దారి పట్టాయి. ఊబి పక్కనుంచి తప్పుకున్నాయి. నేరుగా వెదురుపొదల వెనక్కి వెళ్ళి, ఊట చుట్టూ కూర్చున్నాయి.

యుద్ధం జరగలేదు. యుద్ధం చేయాల్సిన అవసరమే రాలేదు. నీళ్ళ మీద కూర్చున్నవాడికి యుద్ధం దేనికి?

పెద్దకుక్క ముందుగా చేసిన పని ఏంటో తెలుసా? పేరు పెట్టింది. ఊటకు అప్పటిదాకా పేరు లేదు. ఊట అంటే ఊటే. పెద్దకుక్క దానికి రాజుగారి తొట్టి అని పేరు పెట్టి, ఇకనుంచి అలాగే అనాలంది. ఆ రాజు ఏనాడూ ఆ దీవికి రాలేదు. కుక్కల్లో సగానికి ఆయన ముఖం కూడా తెలియదట.

తర్వాత మూడు ఆజ్ఞలు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి.

తాగాలనుకున్నవాళ్ళు వెదురుపొదల దగ్గరినుంచి పొట్ట మీద పాకుతూ రావాలి, ఇది మొదటిది. తలెత్తితే కాటు. దప్పికతో నాలుక పిడచకట్టుకుపోయినవాడు ఏం చేస్తాడు? పాకాయి.

ఊట నుంచి సముద్రం దాకా కాలువ తవ్వాలి, ఇది రెండోది. దారిన పోయే ఓడలన్నీ అక్కడ ఆగి పీపాలు నింపుకుంటాయి. తవ్వే పని గోళ్ళున్నవాళ్ళకు పడింది. అలుగవ్వను కూడా లాక్కుపోయారు. ముసలిది అని ఎవరో అంటే, గోళ్ళు ముసలివి కావుగా అంది ఒక కుక్క.

మూడోది చెప్పాలంటే నోరు రావడం లేదు. ఎండ ముదిరాక, మంద మందకూ ఒక పిల్లను ఓడలకు ఇవ్వాలి. ఓడలో వంటకు. ఇవ్వని మందకు నీళ్ళు లేవు. తల్లిజింకలు మూడు రోజులు ఇవ్వలేదు. నాలుగో రోజు ఇచ్చాయి.

అడవంతా ఒకటే మాట. వీళ్ళకు ఊట ఎలా తెలిసింది? ఎవరు తీసుకొచ్చారు? కోతులు జింకలను అనుమానించాయి. జింకలు కోతులను అనుమానించాయి. అన్నీ కలిసి ఉడుములను అనుమానించాయి, ఎందుకంటే వాటికి రెండు నాలుకలట. పాపం అవేం చేస్తాయి, పుట్టుకతోనే చీలిన నాలుక. గంటాలు అన్ని మాటలూ విన్నది. నోరు విప్పలేదు.

అలుగవ్వ కాలువలో నలభై రోజులు తవ్వింది. ముందు గోళ్ళు అరిగాయి. తర్వాత పెంకులు లేచిపోయాయి. గంటాలు రోజూ దొప్పతో నీళ్ళు తీసుకుని కాలువ గట్టు మీదికి వెళ్ళేది. ఆ నీళ్ళ కోసం పాకి, పాకి, దాని పొట్ట కింద బిరుసు వెంట్రుకలు కూడా అరిగిపోయాయి. ఒకరోజు మధ్యాహ్నం అవ్వ తవ్వుతూ తవ్వుతూ ఆగి, బంతిలా చుట్టుకుపోయింది. కుక్క కాలితో తన్నింది. విప్పుకోలేదు. ఇంక విప్పుకోలేదు.

గంటాలు ఆ దొప్ప అక్కడే పెట్టి, నేరుగా, కుక్కలతో పాటు ఓడపిల్లి తిరిగొచ్చిన ఓడ దగ్గరికి వెళ్ళింది. ఓడపిల్లి దాన్ని చూసి సంతోషంగా లేచి నిలబడింది. గంటాలుగారూ, రండి రండి అంది. మర్యాదలో ఏ లోటూ లేదు.

"నా గుడ్డ నాకిచ్చెయ్," అంది గంటాలు.

"ఇస్తాను. మీదే కదా," అంది ఓడపిల్లి. లోపలికి వెళ్ళి తెచ్చి ఇచ్చింది కూడా. గంటాలు దాన్ని నోటితో పట్టుకుని పీలికలు పీలికలుగా చించింది. ఓడపిల్లి బాధగా చూస్తూ నిలబడింది. చించడం అయిపోయాక మెల్లగా చెప్పింది. "మా ఊళ్ళో దీన్ని చెక్క మీద చెక్కించారండి. సిరా పూసి కాగితం మీద అద్దితే బొమ్మ పడుతుంది. అలా వంద తీశారు. ప్రతి ఓడ మీదా ఒకటుంది. కింద మీ ముల్లు గుర్తు కూడా వేయించాను. మీ పేరు పోకూడదని."

గంటాలు నోట్లో ఇంకా గుడ్డపోగులు ఉన్నాయి. "బాగుందని నన్ను మోసం చేశావు," అంది.

"నేను అబద్ధం చెప్పలేదు. బాగుందన్నాను. బాగుంది."

గంటాలు తిరిగి వచ్చేసింది. దేశదేశాల్లో దాని బొమ్మను చూసి ఎవరెవరో మెచ్చుకుంటున్నారు. అది కోరుకున్నది అదే కదా.

ఇంకో ఎండాకాలం గడిచింది. కోరయ్యమామ కాలువ పని చేస్తుంటే, నిద్రపోతున్న కుక్క పక్కన కాగితం ఒకటి దొరికింది. విప్పి చూసింది. కోరయ్యమామ మొద్దులా కనబడుతుంది గానీ మొద్దు కాదు. వెదురుపొదలు చూసింది, నల్లసిరాతో అద్దిన ఊట చూసింది, కింద ముల్లు గుర్తు చూసింది. కాగితాన్ని మడిచి దవడలో దాచుకుని గంటాలు దగ్గరికి వచ్చింది.

ఇక అందరికీ చెప్పేస్తుంది అనుకుంది గంటాలు. కోరయ్యమామ అరవలేదు, తిట్టలేదు. ఈ సంగతి నాలోనే ఉంచుకుంటాను అంది. దానికి బదులు నేను చెప్పిన బొమ్మలు గీసి పెట్టాలంది. కుక్కలను తరమాలంటే ముందు భయాన్ని తరమాలి, భయాన్ని తరమడానికి నీ బొమ్మ కావాలి అంది. మాట మంచిదే. గంటాలు ఒప్పుకుంది. ఒప్పుకోక చేసేది కూడా ఏమీ లేదు.

కుక్కలు వెళ్ళని మూలల్లో, రాళ్ళ వెనక, అది గీయసాగింది. మొదటి రాతి మీద పెద్దకుక్క కాళ్ళ మధ్య తోక దాచుకుని ఉంది. జింకపిల్లలు చూసి నవ్వాయి. రెండేళ్ళలో ఆ అడవిలో అదే మొదటి నవ్వు. రెండో రాతి మీద అలుగవ్వ. కాలువలో చుట్టుకుపోయిన అలుగవ్వ. దాన్ని చూసి ఎవరూ నవ్వలేదు. పెద్దవి ముందు నిలబడి పళ్ళు కొరుక్కున్నాయి. మూడో రాతి మీద కోరయ్యమామ. తనను పాతపద్ధతిలోనే గీయాలంది, ముఖ్యమైనది పెద్దగా. కొండకంటే పెద్దగా గీసింది గంటాలు. కోరల కింద కుక్కలు చీమల్లా ఉన్నాయి.

తొలకరి పడ్డ రోజు అడవి లేచింది.

అంతకుముందు వాన కోసం ఎదురుచూసింది దప్పిక తీరడానికి. ఈసారి వేరు. కాలువ నిండి బురదైంది. కుక్కల కాళ్ళు జారాయి. కోతులు పైనుంచి రాళ్ళు వేశాయి. జింకలు, జీవితంలో పారిపోవడం తప్ప తెలియని జింకలు, కొమ్ములు దించి మీదికి దూకాయి. ఉడుములు పట్టు వదల్లేదు. చాలా చచ్చిపోయాయి, రెండు వైపులా. మధ్యాహ్నానికి పెద్దకుక్క సముద్రంలోకి దిగి ఓడ వైపు ఈదింది. మిగిలినవి దాని వెనక. ఓడపిల్లి అప్పటికే ఎక్కి కూర్చుంది.

అడవి అడవంతా ఊట దగ్గరికి పరిగెత్తింది. వాన నీళ్ళు ఉన్నా సరే, ఊట నీళ్ళే తాగాలని. తలెత్తి నడిచి వెళ్ళి తాగాయి. కొన్ని ఏడ్చాయి. ఆ ఒక్క వానాకాలం ఆ అడవి ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఒక్క వానాకాలమే.

ఎండలు మొదలయ్యేసరికి కోరయ్యమామ తన మందతో వచ్చి ఊట చుట్టూ పడుకుంది. ఎందుకు మామా అంటే, కుక్కలు మళ్ళీ వస్తాయి, కాపలా ఉండొద్దా అంది. నిజమే కదా అనుకున్నాయి అన్నీ. కాపలా ఉన్నవాళ్ళు ముందు తాగాలి కదా అంది. అదీ నిజమే అనిపించింది. గుంపుగా వస్తే ఎవరు మనవాళ్ళో ఎవరు పరాయివాళ్ళో తెలియడం లేదు, వంగి నెమ్మదిగా రండి అంది. వంగాయి. ఇంకా వంగాలి అంది. ఇంకా వంగాయి. పూర్తిగా పొట్ట ఆనించే రోజుకు, ఎప్పుడు ఆనించడం మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. కాలువ పూడ్చేద్దామని ఒక ముసలి జింక అంటే, ఉండనీ, పనికొస్తుంది అంది కోరయ్యమామ.

ఆ ఎండాకాలమే గంటాలుకు కబురొచ్చింది. కొండచరియ మీద పాత అడవి బొమ్మ ఇక వద్దట. దాని మీద కోరయ్యమామను గీయాలట, చరియ అంచు నుంచి అంచు దాకా.

గంటాలు ఊట దగ్గరికి వెళ్ళింది. అన్నీ అక్కడే ఉన్నాయి, వరసలో. "నేను గీయను మామా," అంది.

కోరయ్యమామ దగ్గరికి రమ్మని సైగ చేసింది. దవడలోంచి కాగితం కొస కాస్త బయటికి కనబడేలా పెట్టింది. "చెప్పమంటావా?" అంది, దానికి మాత్రమే వినబడేలా.

"నువ్వెందుకు, నేనే చెబుతాను," అంది గంటాలు.

వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా చెప్పింది. ఓడపిల్లి సంగతి చెప్పింది. తెరచాప ముక్క సంగతి చెప్పింది. నీలం చెప్పింది. గుక్కెడులో రంగు పెట్టింది నేనే అంది. అవ్వ అడిగితే అబద్ధం ఆడానంది. ఉడుములను మీరు అన్న మాటలన్నీ నాకు తగలాల్సినవి అంది. ఏదీ దాచలేదు. చివర్లో, తన తప్పు దాయడానికి ఈ మామకు బొమ్మలు గీశానని, ఈ మామ కొండంత లేడని, మామూలు అడవిపంది అంతే ఉన్నాడని కూడా చెప్పింది.

పిల్లను ఓడకిచ్చిన తల్లిజింక ఒకటి ముందుకొచ్చింది. కొడుతుందనుకుంది గంటాలు. కొట్టలేదు. "ఇది ఆ రోజే చెప్పి ఉంటే కుక్కలు రాకముందే మేం బండలు దొర్లించి ఊటను కప్పేసేవాళ్ళం కదే," అంది. అని వెళ్ళిపోయింది.

ఇప్పుడైనా కోరయ్యమామ పట్టు తప్పుతుందని మీరు అనుకుంటున్నారు. గంటాలు కూడా అలాగే అనుకుంది. నిజం చెప్పేస్తే అంతా సర్దుకుంటుందని తప్పు చేసినవాళ్ళందరూ అనుకుంటారు.

కోరయ్యమామ లేచి నిలబడి, దవడలోంచి కాగితం తీసి అందరికీ చూపించింది. "చూశారా? పరాయివాళ్ళు కాదు, మన మధ్య పెరిగిందే మనల్ని అమ్మింది. ఇలాంటివాళ్ళు ఇంకెందరున్నారో. కాపలా లేకుండా ఎలా కుదురుతుంది?" అంది.

జింకలు తలలూపాయి. కోతులు తలలూపాయి. ఉడుములు అందరికంటే గట్టిగా తలలూపాయి. ఆ రోజు నుంచి కాపలా రెట్టింపైంది.

గంటాలును ఎవరూ చంపలేదు, తరమలేదు. మాట్లాడటం మానేశారంతే. అది ఇసుక దగ్గర మొగలిపొదల్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ముల్లు పట్టలేదు. కొండచరియ మీద కోరయ్యమామను ఎవరో కోతి గీసింది. బాగా కుదరలేదు, కానీ పెద్దగా ఉంది.

ఏళ్ళు గడిచాయి. ఒకరోజు ఎండవేళ నాలుగు జింకపిల్లలు ఆడుకుంటూ మొగలిపొదల దాకా వచ్చాయి. ముసలి ముళ్లపందిని చూసి ఆగాయి. నీతో మాట్లాడొద్దని అమ్మ చెప్పింది అంది వాటిలో పెద్దది. చెప్పి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది. ఆ తర్వాత ఉండబట్టలేక అడిగింది, కుక్కలూ మామా రాకముందు ఊట దగ్గర నీళ్ళు ఎలా తాగేవాళ్ళని.

"నడిచి వెళ్ళి తాగేవాళ్ళం," అంది గంటాలు.

"నడిచా? ఎవరి ముందు?"

"ఎవరూ ఉండేవాళ్ళు కాదు."

పిల్లలు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. చిన్నది ముందు కిసుక్కుమంది. తర్వాత నాలుగూ పడీ పడీ నవ్వాయి. ముసలిదానికి మతి పోయింది అంది ఒకటి. గంటాలు ఇంకా ఏదో చెప్పబోయింది. అవి వినలేదు. వాటికి దప్పికైంది. ఎవరు ముందు చేరతారో చూద్దామని పందెం వేసుకున్నాయి. నాలుగూ ఇసుకలో పొట్టలు ఆనించి, నవ్వుకుంటూ, ఊట వైపు పాక్కుంటూ వెళ్ళాయి.

నీతి: నిన్ను మెచ్చుకునేవాడు ఏం అడుగుతున్నాడో చూసుకో. అందరిదీ అయినదాన్ని నీ ఒక్కదాని మెప్పు కోసం ఇచ్చేస్తే, ఆలస్యంగా చెప్పిన నిజం కూడా దాన్ని వెనక్కి తేలేదు.